కట్టుదారం

పెబ్బేరు సంత ఆ రోజు కిటకిటలాడుతోంది. ఎద్దుల పళ్లు చూసేవాళ్లు చూస్తున్నారు, తువ్వాల కింద వేళ్లు పట్టుకొని బేరాలాడేవాళ్లు ఆడుతున్నారు. రోడ్డు పక్కన చాయ్ హోటలు ముందు ఆగిన జీపులో మాత్రం ఒక మనిషి దినపత్రిక ముఖానికి అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. అది నిన్నటి పత్రిక. జడ్చర్ల దాటేలోపే దాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదివేశాడు.

అతని పేరు తుకారాం. కస్టమ్స్, సెంట్రల్ ఎక్సైజ్ శాఖలో ఇన్‌స్పెక్టరు. బొంబాయి రేవులో పదకొండేళ్లు ఓడల అడుగు అరల్లోకి దిగి సోదాలు చేసినవాడు. ఒకసారి కత్తి తీసిన దొంగను ఒట్టి చేతులతో పట్టుకున్నాడని శాఖలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతటి మనిషి ఇప్పుడు చంకలో కుంచె పెట్టుకొని అటుగా వస్తున్న ఒక ముసలి నేతగాడికి జడిసి పత్రిక చాటున దాక్కున్నాడు.

ఆ ముసలాయన ఎల్లయ్య. గద్వాలలో తుకారాం పుట్టిన వీధివాడే. పడుగుకు గంజి పట్టించే కుంచె కొనుక్కోవడానికి సంతకు వచ్చినట్టున్నాడు. జీపు దగ్గర ఆగాడు. తల పక్కకు వంచి, పత్రికను పట్టుకున్న వేళ్లను కాసేపు చూశాడు.

"తుకారామేనా?"

పత్రిక కదల్లేదు.

"నేనురా, ఎల్లయ్యను. మంచిగున్నవా?"

పత్రిక వెనక తుకారాం ఊపిరి బిగబట్టాడు. ముసలాయన ఇంకాసేపు నిలబడి, ఎందుకైనా మంచిదన్నట్టు ఒక దండం పెట్టి, బస్సులు ఆగే వైపు వెళ్లిపోయాడు. రెండు చాయ్ గ్లాసులు పట్టుకొని వస్తున్న సూపరింటెండెంట్ ఆశీర్వాదం ఆ దండాన్ని చూశాడు.

"ఎవరండీ? మీకే పెట్టినట్టుంది?"

"నాకు కాదు సార్. ఎవర్ననుకున్నాడో."

ఆశీర్వాదం నవ్వి గ్లాసు అందించాడు. మంచివాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే అబద్ధం చెప్పడం ఇంత కష్టమయ్యేది కాదు.

ఆ పొద్దున హైదరాబాదులో జీపెక్కే ముందు ఆశీర్వాదం తలుపు మూసి కవరు చించాడు. గద్వాలలో నాలుగిళ్లు, ఒక గోదాము. విషయం చైనా పట్టు. ఆ నూలును సుంకం కట్టకుండా తెప్పించుకోవచ్చు, కాకపోతే బట్ట నేయించి మళ్లీ విదేశాలకే పంపాలి. కొందరు దాన్ని రేవు దాటించగానే దొంగదారిన ఊళ్ల మీదికి వదులుతున్నారు. "పోయిన ఏడాది దేశం బంగారం తాకట్టు పెట్టుకుంది తుకారాం గారూ. ఒక్కో డాలరు కోసం మొహం వాచి ఉన్నాం. ఇక్కడ చూస్తే ఈ బాగోతం" అని బాధపడ్డాడు. ఆ తర్వాత ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాడు. "గద్వాలలో మీకు బంధువులెవరైనా ఉన్నారా? ఉంటే ఇప్పుడే చెప్పండి, మిమ్మల్ని తప్పించి ఇంకొకర్ని తీసుకెళ్తాను. తర్వాత బయటపడితే మాత్రం నా చేతుల్లో ఉండదు."

జాబితాలో మూడో పేరు రామేశ్వరమ్మ. తుకారాం సొంత అక్క.

"లేరు సార్" అన్నాడు.

సర్వీసు పుస్తకంలో అతని స్వస్థలం నాగర్‌కర్నూలు అని ఉంది. చిన్నాయన ఇంట్లో ఉండి చదువుకున్న ఊరు. కాబట్టి అబద్ధం దానంతటదే నిలబడింది. ఎందుకు చెప్పాడంటే, రెండు నెలల కింద ఇంకో ఊళ్లో సోదాకు వెళ్తే ఇళ్లన్నీ ఊడ్చిపెట్టినట్టు ఖాళీగా కనిపించాయి. అక్కడ బంధువులున్న ఇన్‌స్పెక్టరును రుజువేమీ లేకుండానే సస్పెండ్ చేశారు. వచ్చే నెల ప్రమోషన్ల జాబితా వస్తుంది, అందులో తన పేరుంది. పైగా తనే వెంట ఉంటే అక్కకు ఏదో ఒక అడ్డం వేయవచ్చుననే ఆశ. ఈ మూడింట్లో ఏది అసలు కారణమో అతనికే తెలియదు. భయపడ్డ మనిషికి కారణాలు ఏరుకునే తీరిక ఉండదు.

గుట్టు బయటపడకుండా ఆ రోజుకు వనపర్తి అతిథి గృహంలో దిగారు. పొద్దుగూకే ముందు తుకారాం సిగరెట్లు కొనుక్కొస్తానని బస్టాండుకు నడిచాడు. గద్వాల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు చేతిలో చీటీ పెడితే గంటన్నరలో అక్క గుమ్మంలో ఉంటుంది. సిగరెట్ పెట్టె చించి, దాని లోపలి తెల్ల కాగితం మీద "అక్కా, ఇంట్లో ఉన్న పట్టు" అని రాశాడు. అక్కడ చేయి ఆగిపోయింది. తన చేతిరాత ఆశీర్వాదానికి బాగా తెలుసు. చీటీని నాలుగు ముక్కలు చేసి కాలవలో పడేశాడు. బస్సు వెళ్లిపోయింది. రెండడుగులు వేశాక ఆ ముక్కలు ఎవరైనా ఏరి అతికిస్తారేమోనని గుబులు పుట్టి, వంగి కాలవలోంచి నాలుగింటినీ ఏరి జేబులో వేసుకున్నాడు. మురికి నీళ్లతో తడిసిన చొక్కా జేబు మీద చేయి వేసుకొని తేలు కుట్టిన దొంగలా తిరిగొచ్చాడు.

మర్నాడు గద్వాల కోట గోడ మీద ఎండ పడేసరికి జీపు వీధి మొదట్లో ఆగింది. నలుగురు దిగారు: ఆశీర్వాదం, తుకారాం, ఖాకీ బట్టల్లో ఇద్దరు సిపాయిలు. వీధి పొడుగునా మగ్గాలు టకటకమంటున్నాయి. వీళ్లు ముందుకు నడుస్తుంటే ఒక్కో ఇంటి చప్పుడు ఆగుతూ వచ్చింది. చివరికి వీధిలో తమ బూట్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. తుకారాం చిన్నప్పటి నుంచి ఈ వీధిని ఇంత నిశ్శబ్దంగా చూడలేదు, పీనుగు లేచిన రోజున కూడా.

అతని భయం చిన్నది, కానీ ఒళ్లంతా నిండి ఉంది. ఎవరో ఒకరు పేరు పెట్టి పిలుస్తారు. వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లుతున్న వెంకటమ్మ చెంబు పట్టుకొని నోరు తెరిచింది. ఆమె చేతి సద్ది తిని పెరిగినవాడు అతను. అతని వెనక ఖాకీ బట్టలు చూసి ఆమె తెరిచిన నోరు మూసుకొని లోపలికి వెళ్లిపోయింది. అతనికి హాయి అనిపించింది. ఆ హాయికి వెంటనే సిగ్గేసింది.

మొదటి రెండిళ్లలో చుట్టలు కట్టిన పట్టు నూలు నాలుగైదేసి లడీలు దొరికింది. మూడో ఇంట్లో రామేశ్వరమ్మ మగ్గం గుంతలో కూర్చొని ఉంది. గద్వాల చీరకు నడుమ పత్తి నూలు, అంచుకు పట్టు. రెండూ కలిసేచోట పోగులో పోగు మెలేయాలి కాబట్టి పోగును అటూ ఇటూ మోసే నాడెను అవతలి అంచు నుంచి అందించడానికి కూతురు సుగుణ పక్కనే కూర్చుంది. గుమ్మంలో నీడ పడితే రామేశ్వరమ్మ తలెత్తింది. తమ్ముణ్ణి చూసింది. ఆమె ముఖం విచ్చుకుంది. ఆ తర్వాత సిపాయిలను, తమ్ముడి చేతిలోని కాగితాల అట్టను చూసింది. కొంగుతో చెమట తుడుచుకుంది. కొంగు కిందికి దిగేసరికి ఆ ముఖం వేరే అయిపోయింది.

"ఎవరు గావాలె సారు?"

"మా..." అని సుగుణ ఏదో అనబోయింది.

"సుగుణా, లేవు. సార్లకు నీళ్లు దే" అంది తల్లి, కూతురి తొడ మీద చేత్తో గట్టిగా నొక్కి.

సోదాకు ముందు చెప్పవలసినవి ఆశీర్వాదం ఓపిగ్గా చెప్పాడు. కావాలంటే ముందు తమ జేబులు చూసుకోవచ్చన్నాడు. ఆఖర్న "మా నలుగురిలో మీకు తెలిసినవాళ్లు గానీ, పగ ఉన్నవాళ్లు గానీ ఎవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగాడు.

ఆమె ఒక్కొక్కరినీ చూసింది. సిపాయిలను, ఆశీర్వాదాన్ని, చివరగా తుకారాంను.

"ఎవ్వరు తెల్వదు సారు. ఏ ఊరోళ్లో ఏమో."

"రాసుకోండి" అన్నాడు ఆశీర్వాదం. తుకారాం రాసుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఈ వాక్యం ఎన్ని వందలసార్లు రాశాడో. ఈసారి 'తెలియదు' దగ్గర సిరా ముద్దగా పడింది.

సోదా మొదలైంది. మగ్గం పక్క గోడకు ఒక మేకు, దానికి ఎరుపూ పసుపూ పేనిన మూడు దారాలు వేలాడుతున్నాయి. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. మూల ఉన్న చెక్క పెట్టె తుకారామే తెరవాల్సి వచ్చింది. పైన బావ ధోవతులు రెండు, మడత నలగకుండా ఉన్నాయి. బావ పోయి మూడేళ్లయింది. వాటి కింద పట్టు. నాలుగూ ఐదూ కాదు, నలభై లడీలు. ఒక్క మగ్గానికి ఇంత పట్టు ఎవరూ ఇవ్వరు. ఎవడో తన సరుకు తెచ్చి విధవరాలి పెట్టెలో దాచాడని వీధిలో పసిపిల్లకైనా తెలుస్తుంది.

ఒక లడిని బొటనవేలి గోరు మీదుగా లాగాడు. బెంగళూరు పట్టయితే వేలికి అక్కడక్కడ సన్నని గుబ్బ తగులుతుంది. ఇది నీళ్లలా జారిపోయింది. చైనాదే.

"ఏమంటారు?" అన్నాడు ఆశీర్వాదం.

"చేత్తో చెప్పలేం సార్. ల్యాబుకు పంపాలి."

నాలుగిళ్ల పట్టూ వీధిలో చాప మీద పోశారు. ల్యాబు నుంచి జవాబు రావాలంటే మూడు నెలలు. అప్పటిదాకా ఎవరి మీదా కేసు నిలవదు. మూడు నెలల్లో ఏమైనా జరగవచ్చు. తుకారాంకు పొద్దున్నుంచి మొదటిసారి ఊపిరి ఆడింది.

అప్పుడు చాప పక్కన సాక్షిగా నిలబెట్టిన ఎల్లయ్య గొంతు సవరించుకున్నాడు.

"చేత్తోని చెప్పలేమా? ఎవరన్నరు సారు గా మాట?" తుకారాం వైపు చూశాడు. నిన్నటి దండం ఇంకా ఆ కళ్లలో ఉంది. "నేతోని ఇంట్ల పుట్టినోడెవడు గట్లనడు."

"మీరు చెప్పగలరా పెద్దాయనా?" అన్నాడు ఆశీర్వాదం.

"అరవై ఏండ్లు సారు. నాకు కండ్లు గూడ అవసరం లేదు."

వద్దు అని అరవాలనిపించింది తుకారాంకు. వీధిలో అందరికీ అనిపించే ఉంటుంది. సాక్షిని ఆపడం ఎవరివల్లా కాదు. ముసలాయన కుండలో నీళ్లు తీసుకొని మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు, పంచెకు తుడుచుకున్నాడు, చాప మీద మఠం వేసుకొని కళ్లు మూసుకున్నాడు. పట్టును ముట్టుకునే ముందు చేతులు కడగనివాణ్ణి ఆయన తన మగ్గం ఛాయలకు కూడా రానీయడు. లడి తీసి గోటి మీద లాగి, చెవి దగ్గర పెట్టుకొని నలిపి, "ఇది మనది" అని ఎడమకు పెట్టాడు. "ఇది మనది. ఇది గాదు. ఇది గాదు." తప్పు అన్న మాట లేదు. పనిలో మునిగి ముసలాయన పదేళ్లు చిన్నవాడయ్యాడు. కళ్లు తెరిచేసరికి ఆ ముఖం మీద గెలిచిన నవ్వుంది. కుడి పక్కన కుప్ప. రామేశ్వరమ్మ నలభై లడీలూ అందులోనే ఉన్నాయి.

ఆయన చుట్టూ చూశాడు. సుగుణ తల్లి చేయి పట్టుకొని నిలబడి ఉంది. నవ్వు మెల్లగా జారిపోయింది.

"నేను పట్టు సంగతే చెప్పిన సారు" అన్నాడు. "మనుషుల సంగతి గాదు."

ఎక్కడిదని అడిగితే నాలుగిళ్లవాళ్లూ ఒకటే పాఠం అప్పజెప్పారు. పెబ్బేరు సంతలో కొన్నాం, అమ్మినవాడెవడో తెలియదు. పెబ్బేరు సంతలో ఎద్దులు దొరుకుతాయి, గొర్రెలు దొరుకుతాయి, తాళ్లూ కుంచెలూ దొరుకుతాయి. పట్టు మాత్రం దేవుడు దిగి వచ్చినా దొరకదు. ఆ పాఠం నేర్పినవాడి పేరు చెబితే రేపటి నుంచి ఏ మగ్గానికీ నూలు రాదు. తుకారాం అది కూడా రాశాడు. అక్క సంతకం చేసింది. 'శ్వ' కింద వంకరగా ఒక కొక్కెం. ఆ కొక్కెం నేర్పింది తనే, పలక మీద, ఆరో తరగతిలో ఉండగా.

"కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది" అన్నాడు ఆశీర్వాదం చిరాగ్గా. "వీళ్లకు రేవు ఎక్కడ, పట్టు ఎక్కడ? పదండి, గోదాము చూద్దాం."

గోదాము శ్రీశైలం సేటుది. వీధిలో సగం మగ్గాలకు నూలిచ్చేది ఆయనే. ఎదురొచ్చి, కుర్చీలు వేయించి, అడక్కముందే బిల్లులన్నీ బల్ల మీద పేర్చాడు. బీరువాల్లో ఉన్నదంతా బెంగళూరు పట్టే, ప్రతి లడికీ కాగితం ఉంది. "చైనా సరుకా? రామ రామ" అని చెంపలు వేసుకున్నాడు. ఆశీర్వాదం గంటసేపు బిల్లులు తిరగేశాడు, ఒక్క తప్పు దొరకలేదు. ఆనవాయితీగా ఒక లడిని మాత్రం నమూనాకు తీసుకున్నాడు.

తుకారాం మాత్రం బిల్లులు చూడటం లేదు. బీరువాలోని ప్రతి లడి నడుమా ఒక దారం కట్టి ఉంది. ఎరుపూ పసుపూ కలిపి పేనిన దారం. దాని ముడి ఎడమకు తిరిగి ఉంది, ఎందుకంటే ముడివేసే గుమాస్తా హన్మంతుది ఎడమ చేతివాటం. వీధిలో చాప మీద, కుడి కుప్పలోని లడీలకూ ఇదే దారం, ఇదే ముడి.

గద్వాల నేతగాళ్లు దాన్ని కట్టుదారం అంటారు. ఒక్కో సేటుది ఒక్కో రంగు. నూలు తీసుకున్నవాడు లడి విప్పాక దారాన్ని పారేయడు, మగ్గం పక్క మేకుకు తగిలిస్తాడు. చీర నేశాక మడతపెట్టి, అదే దారంతో కట్టి, ఇచ్చినవాడికే పంపిస్తాడు. దారం తిరిగి చేరిందంటే మాట చెల్లినట్టు. ఏ బిల్లులోనూ లేని ఈ సంగతి వీధి మొత్తానికీ తెలుసు. తుకారాం ఎనిమిదేళ్లప్పుడు ఆ దారం తీసి గాలిపటానికి కట్టాడు. సాయంత్రం నాయన కర్ర పట్టుకొని అడిగితే, నేనే పోగొట్టిన అని వీపు చూపింది అక్క.

చూపు పసిగట్టడంలో శ్రీశైలాన్ని మించినవాడు లేడు. సోడా సీసా తనే తెచ్చి తుకారాం చేతికిచ్చాడు. గొంతు తగ్గించి, ముఖం మీది నవ్వు చెదరకుండా అన్నాడు.

"తుకారాం సారు, మంచిగున్నరా? మీ నాయన మా నాయన దగ్గర్నే నూలు తీసుకపోయేటోడు. మంచోడు, నోట్లె నాలిక లేనోడు."

తుకారాం సీసా కింద పెట్టలేకపోయాడు, తాగలేకపోయాడు.

"పరేషాన్ గాకుండ్రి. మీ అక్క తెల్వదన్నదంట గద? నాకు గూడ తెల్వదు. గా కాయితం గట్లనే ఉండనియ్యుండ్రి. కడుపుల మాట కడుపులనే ఉంటది."

తుకారాం సోడా తాగాడు. తాగకుండా ఉండాల్సింది.

ఆ రాత్రి గద్వాలలోని ప్రభుత్వ బంగళాలో నిద్ర పట్టిందో లేదో చెప్పుకోనక్కర్లేదు. పొద్దున్నే ఆశీర్వాదం తన నిర్ణయం చెప్పాడు. మిగతా ముగ్గురికీ నోటీసులు. రామేశ్వరమ్మను మాత్రం హైదరాబాదు తీసుకెళ్లి కోర్టులో హాజరుపరచాలి. "నలభై లడీలు దాచి, ఇచ్చినవాడి పేరు చెప్పనంటోంది. నాకు సంతోషంగా ఉందనుకోకండి. కానీ కాగితం మీద ఆవిడే కదండీ దొంగ."

పదిన్నరకు ఆమె వచ్చింది. చేతిసంచిలో ఒక చీర, గుడ్డలో కట్టిన నాలుగు జొన్నరొట్టెలు. గేటు దగ్గర సుగుణ ఏడుస్తోంది. ఎల్లయ్యతో సహా వీధిలోవాళ్లు పది మంది గోడ వారన నిలబడ్డారు, లోపలికి రావడానికి ఎవరికీ కాళ్లాడలేదు. ఆమె జీపు మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"సారు, మగ్గం మీద చీర సగం ఉన్నది. రెండు నాడెలు నా బిడ్డ ఒక్కతి ఆడియ్యలేదు. ఎన్ని దినాలు వడ్తది?"

"చెప్పలేను తల్లీ" అన్నాడు ఆశీర్వాదం, ఆమె ముఖం చూడకుండా.

ఆమె తల ఊపింది. తమ్ముడి వైపు చూపు పోనీయలేదు. నిన్నటి నుంచి ఒక్కసారి కూడా పోనీయలేదు. ఎవరైనా గమనిస్తారేమోనని ఆమె భయం. తన అక్క ఇంత జాగ్రత్తగా తనను తెలియనట్టు ఉండటం చూస్తూ తుకారాం చేతిలోని కాగితాల అట్టను జీపు మీద పెట్టేశాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే ప్రమోషన్ వస్తుంది, ఉద్యోగం ఉంటుంది, శ్రీశైలం కడుపులో మాట కడుపులోనే ఉంటుంది. తన జీవితమంతా ఆ కడుపులోనే ఉంటుంది.

"సార్" అన్నాడు. "ఒక వాంగ్మూలం ఉంది."

"ఇంకా ఎవరిది తీసుకోవాలి?"

"తీసుకునేది కాదు సార్. నేను ఇచ్చేది."

లోపలికి నడిచి, సీలు వేసిన మూటల్లోంచి నమూనాకని పైన ఉంచిన లడి తెచ్చి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన గోదాము నుంచి తెచ్చిన నమూనా పెట్టాడు. రెండు దారాలనూ, ముడులు తిరిగిన వైపునూ చూపించాడు. కట్టుదారం సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఆశీర్వాదం వంగి చూశాడు. ఆయన కళ్లలో వెలుగు వచ్చింది, ఆ వెంటనే అనుమానం వచ్చింది.

"ఇది ఏ పుస్తకంలో ఉందండీ? వీధిలో ఒక్కడూ చెప్పలేదు. మీకెట్లా తెలుసు?"

"మా నాయన గీ దారాలు వాపసిచ్చుకుంట బతికినోడు సార్." ఇరవై రెండేళ్లుగా ఆఫీసులో ఒక్కసారీ రాని భాష నోట్లోంచి వచ్చేసింది. "నేను గా ఇంట్లనే పుట్టిన. జీపు దగ్గరున్నామె మా అక్క."

ఆశీర్వాదం కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

"మొన్న పొద్దున అడిగాను కదండీ."

"అడిగిండ్రు. లేరన్న."

"ఇది రాస్తే ప్రమోషన్ మాట దేవుడెరుగు, ఉద్యోగం కూడా... నేనేమీ చేయలేను. ఇంకా రాయలేదు. ఆలోచించుకోండి."

"ఆలోచిస్తే రాయనియ్య సార్. రాయుండ్రి."

సాక్షులు కూర్చునే ముక్కాలిపీట బల్లకు ఇవతల ఉంది. తుకారాం దాని మీద కూర్చున్నాడు. దాని ఒక కాలు పొట్టిది, కూర్చుంటే ఊగుతోంది. ఇరవై రెండేళ్లుగా ఇలాంటి పీటల మీద ఎంతమందిని కూర్చోబెట్టాడో, ఊగుతుందని ఒక్కరూ చెప్పలేదు. కలం లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల మీద పెట్టుకున్నాడు.

"పేరు?"

చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. పుట్టిన ఊరు గద్వాల అన్నాడు. కిటికీలోంచి ఆ మాటలు జీపు దాకా వినిపించినట్టున్నాయి. రామేశ్వరమ్మ మెట్టు దిగి, సిపాయి ఆపబోయినా ఆగకుండా గుమ్మంలోకి వచ్చింది.

"ఏం పని చేసినవ్ రా!" ఆమె ముఖం ఎర్రబడింది. "నిన్నటి సంది నోరు గట్టుకొని చస్తున్న, గిందుకేనా? నాదేముందిరా, రాట్నం తిప్పే బతుకు. నీది గట్లనా? కడుపు మాడ్చుకొని సదివితివి గదరా!"

తుకారాం తలెత్తలేదు. చిన్నప్పుడు వీపు చూపిన రోజు కూడా ఆమె ఏడవలేదు. ఇప్పుడు ఏడుస్తోంది, కోపంతో.

ఆశీర్వాదం నిన్నటి కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"అమ్మా, కింద మీ సంతకం ఉంది. పట్టు సంతలో కొన్నానన్నారు. ఈ కాగితం ఇట్లాగే ఉంటే ఆయన చెప్పింది నిలవదు, ఆయన ఉద్యోగం మాత్రం పోతుంది. మార్చమంటే మారుస్తాను. అప్పుడు మీరు శ్రీశైలం పేరు చెప్పాలి. మీ ఇష్టం."

ఆమె ఏడుపు ఆగింది. కిటికీలోంచి గేటు వైపు చూసింది. అక్కడ సుగుణ ఉంది, వీధి ఉంది. వీధికి అవతల గోదాము ఉంది. రేపు పొద్దున మగ్గం మీదికి నూలు ఎక్కడి నుంచి వస్తుందో ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. భయం తమ్ముడి ముఖంలో ఎట్లా ఉంటుందో ఆమె ముఖంలోనూ అట్లాగే ఉంది, ఒక తల్లి బిడ్డలు కదా.

కొంగు ముడి విప్పింది. అందులో ఎరుపూ పసుపూ పేనిన మూడు దారాలున్నాయి. "పోయేటప్పుడు బిడ్డ చేతికిచ్చి సేటుకు వాపసు పంపుదామనుకున్న" అంది. "పోతపోత మాట ఉంచుకుందామని." వాటిని బల్ల మీద, లడి పక్కన పెట్టింది. ముడి విప్పినా దారం ఎడమకే మెలిక తిరిగి ఉంది.

"సంతల కొనలే సారు. శ్రీశైలం సేటు తెచ్చి నా పెట్టెల పెట్టిండు. నాలుగు దినాలు ఉండనియ్యి, ఎవరికి చెప్పకు అన్నడు. రాసుకో."

ఆశీర్వాదం కొత్త కాగితం తీశాడు. రాస్తూ రాస్తూ, నిన్నటి కాగితంలోని ఒక వాక్యం దగ్గర, సిరా ముద్దగా పడ్డచోట వేలు పెట్టి ఆగాడు.

"ఈయన మీకు ఏమవుతారు?"

"నిన్న తెల్వదన్న. గది గూడ కొట్టెయ్యి సారు." ఆమె చేయి తమ్ముడి భుజం మీద పడింది. ఆ బరువుకు పీట ఊగడం ఆగింది. "మా తమ్ముడు. చంకనెత్తుకొని తిప్పిన."

ఆశీర్వాదం రాశాడు. తర్వాత తల గోక్కున్నాడు. "అక్కా తమ్ముళ్ల మాట ఒక్కటైతే కోర్టు నవ్వుతుందండీ. బయటివాడు ఇంకొకడు కావాలి. ఈ ముడి ఎవరిదో చెప్పేవాడు."

ఆ మాట కిటికీలోంచి గేటు దాకా వినిపించింది. సుగుణ ఏడుపు ఆపింది. తుకారాం కిటికీలోంచి చూశాడు. గేటు దగ్గర పది మందీ ఒకరి వెనక ఒకరు సర్దుకుంటున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి అతనికి నోరు రాలేదు. మొన్న పత్రిక చాటున దాక్కున్నవాడు తనే.

బంగళా ఆవరణలో ఒక మూల నల్లా ఉంది. అది కిర్రుమని తిరిగిన చప్పుడు వినిపించింది. ఎల్లయ్య తన కుంచెను గోడకు ఆనించి, నల్లా కింద వంగి, మోచేతుల దాకా చేతులు కడుక్కుంటున్నాడు.